పాత ల్యాప్‌టాప్‌కి పెన్‌డ్రైవ్ లైనక్స్: పప్పీయా, యాంటిఎక్సా, మామూలు ఇన్‌స్టాలా?

మా నాన్న వాడే ల్యాప్‌టాప్ 2009 నాటిది. కోర్ 2 డుయో ప్రాసెసరు, 2 జీబీ ర్యామ్. రెండేళ్ల కిందట దాని హార్డ్ డిస్క్ వారం రోజులు టిక్కు టిక్కుమని చప్పుడు చేసి పూర్తిగా ఆగిపోయింది. బ్యాటరీ అంతకుముందే పోయింది. కానీ స్క్రీను బాగుంది, కీబోర్డు ఈ రోజుల్లో కొత్తవాటికంటే మెత్తగా ఉంది, పారేయడానికి మనసొప్పలేదు. పెన్‌డ్రైవ్ మీద లైనక్స్ (విండోస్ బదులు వాడే ఉచిత సిస్టమ్) వేసి చూద్దామని మొదలుపెట్టి మూడు పద్ధతులూ నెలల తరబడి వాడాను కాబట్టి చెబుతున్నాను.

అందరూ అడిగేది "ఏది లైట్‌గా ఉంటుంది" అని. నేనైతే ముందు ఇంకోటి చూడమంటాను: ఆ సిస్టమ్ పెన్‌డ్రైవ్ మీద ఎన్నిసార్లు రాస్తుంది? తేడా అంతా అక్కడే ఉంది.

మొదట నేను చేసింది చాలామంది చేసే పనే. 32 జీబీ పెన్‌డ్రైవ్ పెట్టి, దాన్నే హార్డ్ డిస్క్ అనుకుని డెబియన్ అనే లైనక్స్ రకాన్ని, ఎల్ఎక్స్‌క్యూటీ అనే తేలికపాటి డెస్క్‌టాప్‌తో మామూలుగా ఇన్‌స్టాల్ చేసేశాను. బూట్ అయింది, బాగానే ఉంది అనుకున్నా. ఫైర్‌ఫాక్స్ తెరిచి నాలుగు ట్యాబులు పెట్టేసరికి మౌస్ బాణం ఉన్నచోటే బిగుసుకుపోయేది, పెన్‌డ్రైవ్ లైటు మాత్రం ఆగకుండా మిణుకుమంటూనే ఉండేది, పది పదిహేను సెకన్లకు మళ్ళీ ప్రాణం వచ్చేది. ర్యామ్ తక్కువై అనుకుని స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు డిస్క్ మీద వాడుకునే చోటు) పూర్తిగా తీసేసి చూశాను, అయినా అంతే.

కారణం ఏంటంటే, పెన్‌డ్రైవ్‌లో ఉండే ఫ్లాష్ మెమరీలో రాసిన చోటే మళ్ళీ రాయడం కుదరదు. ముందు చెరపాలి, చెరపాలంటే చిన్న ముక్క ఒక్కటే చెరపలేం, పెద్ద బ్లాక్ మొత్తం చెరపాల్సిందే. మంచి ఎస్ఎస్‌డీలో (హార్డ్ డిస్క్ బదులు వాడే ఫ్లాష్ డిస్క్) ఉండే కంట్రోలర్ చిప్ ఈ పనిని తెలివిగా సర్దుకుంటుంది, చవక పెన్‌డ్రైవ్‌లో ఉండేది చాలా మామూలు కంట్రోలర్. ప్యాకెట్ మీద రాసే స్పీడు పెద్ద సినిమా ఫైలు కాపీ చేసినప్పటిది. బ్రౌజరు చేసేదేమో క్యాష్ (చూసిన పేజీల తాత్కాలిక నకళ్లు), హిస్టరీ, కుకీలు అంటూ నిమిషానికి ఎన్నోసార్లు చిన్న చిన్న రాతలు. పైగా సిస్టమ్ తన పనుల్ని రాసుకునే లాగ్ ఫైళ్లు, ఫైళ్లు తెరిచిన టైము నమోదు చేయడం. ఆ టైము నమోదుని ఆపే "నోఎటైమ్" సెట్టింగు పెట్టాను, క్యాష్‌ని ర్యామ్‌లోకి మార్చాను, కొంత తగ్గింది. కానీ ఏడో నెలలో ఆ పెన్‌డ్రైవ్ రీడ్-ఓన్లీ అయి కూర్చుంది. అందులో ఉన్నవి చదవొచ్చు, ఒక్క అక్షరం కొత్తగా రాయలేం. కాబట్టి పెన్‌డ్రైవ్ మీద మామూలు ఇన్‌స్టాల్ వద్దు, ఎవరికీ ఆ సలహా ఇవ్వను.

తర్వాత పప్పీ లైనక్స్. ఆస్ట్రేలియాకు చెందిన బ్యారీ కౌలర్ 2003లో మొదలుపెట్టిన సిస్టమ్ ఇది. దీని పద్ధతే వేరు: సిస్టమ్ మొత్తం స్క్వాష్‌ఎఫ్ఎస్ అనే కుదించిన ఫైలుగా ఉంటుంది, బూట్ అయ్యేటప్పుడు దాన్ని ర్యామ్‌లోకి ఎత్తేసుకుంటుంది. ఫోసాపప్ అనే పప్పీ ఎడిషన్ సుమారు 400 ఎంబీ. యూఎస్‌బీ 2.0 పోర్టు నిజంగా ఇచ్చేది సెకనుకు 30 ఎంబీ దాకా, అంటే ఎత్తుకోవడం పదిహేను సెకన్ల లోపు పని. ఆ తర్వాత పెన్‌డ్రైవ్‌తో దానికి పెద్దగా పని ఉండదు. మొదటిరోజు నాన్న పెన్‌డ్రైవ్ వంక చూసి "లైటు ఆగిపోయిందేంట్రా, ఇది కూడా పోయిందా?" అని కంగారుపడ్డారు. లేదు నాన్నా, అది వెలక్కపోతేనే మనకు మంచిది అన్నాను. అదే మెషీను, అదే 2 జీబీ, మెనూ నొక్కితే చెయ్యి తీసేలోపు తెరుచుకుంటుంది.

కానీ చేసిన మార్పులన్నీ ముందు ర్యామ్‌లోనే ఉంటాయి. మామూలు సెట్టింగులో అరగంటకోసారి, షట్‌డౌన్ అప్పుడు ఇంకోసారి పెన్‌డ్రైవ్‌లోకి సేవ్ అవుతాయి, మధ్యలో కావాలంటే డెస్క్‌టాప్ మీద సేవ్ బొమ్మ నొక్కాలి. బ్యాటరీ లేని ల్యాప్‌టాప్‌కి, ఎండాకాలం మధ్యాహ్నం కరెంటు ఎప్పుడు పోతుందో తెలియని ఇంట్లో, దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు. నాన్న రెండు పేజీల ఉత్తరం టైప్ చేసి డాక్యుమెంట్ సేవ్ కూడా చేశారు, పది నిమిషాల్లో కరెంటు పోయింది, తిరిగి వచ్చేసరికి ఆ ఫైలే లేదు. ఆయన ఏమీ అనలేదు కానీ నాకే బాధనిపించింది. నేరుగా పెన్‌డ్రైవ్ మీదే దాచే ఫోల్డర్ పప్పీలో ఉంది, అక్కడ పెట్టుకుంటే ఈ బెడద ఉండదు, కానీ అది గుర్తుపెట్టుకోమని డెబ్బై ఏళ్ల మనిషికి ఎలా చెబుతాం? సిస్టమ్‌కి మాత్రం ఏమీ కాదు, అసలు ఫైలుని ఎవరూ మార్చరు కాబట్టి ఎన్నిసార్లు కరెంటు పోయినా మళ్ళీ శుభ్రంగా బూట్ అవుతుంది. ఇంకో సంగతి, పప్పీలో మామూలుగా అంతా రూట్ యూజర్‌గానే (సిస్టమ్‌లో దేన్నైనా మార్చగల పూర్తి అధికారాలతో) నడుస్తుంది, రోజూ నెట్ వాడే మెషీన్‌లో అది నాకు నచ్చదు. ఫోసాపప్‌కి ఆధారమైన ఉబుంటు 20.04 కూడా పాతబడింది, వేసుకునేవాళ్లు డెబియన్ 12 మీద కట్టిన బుక్‌వర్మ్‌పప్ అనే పప్పీ వేసుకోండి, పెద్దదైనా.

ఇక యాంటిఎక్స్. డెబియన్ మీద ఆధారపడినదే, సిస్టమ్‌డీ (చాలా లైనక్స్‌లలో వెనక పనుల్ని నడిపే ప్రోగ్రాం) ఉండదు, ఐస్‌డబ్ల్యూఎం అనే తేలికపాటి డెస్క్‌టాప్. ఫుల్ ఎడిషన్ ఒకటిన్నర జీబీ దాటుతుంది కాబట్టి 2 జీబీ మెషీన్‌లో మొత్తాన్ని ర్యామ్‌లోకి ఎత్తడం కుదరదు, పెన్‌డ్రైవ్ నుంచి చదువుతూనే ఉంటుంది, ఏదైనా ప్రోగ్రాం మొదటిసారి తెరిచేటప్పుడు పప్పీ కంటే కచ్చితంగా నెమ్మది. అయితే చదవడం వల్ల ఫ్లాష్ పెద్దగా అరగదు, అరిగేది రాతల వల్ల. రాతల విషయంలో ఇది ఇచ్చే వెసులుబాటు ఇంకెక్కడా చూడలేదు: సిస్టమ్ మార్పులు ర్యామ్‌లో ఉంచి షట్‌డౌన్ అప్పుడు సేవ్ చేసుకుంటూ, హోమ్ ఫోల్డర్‌ని మాత్రం నేరుగా పెన్‌డ్రైవ్ మీద పెట్టుకోవచ్చు. బూట్ మెనూలో పర్సిస్టెన్స్ (మార్పుల్ని దాచుకునే పద్ధతి) దగ్గర ఎంచుకుంటే చాలు. అంటే ఉత్తరం సేవ్ నొక్కగానే పెన్‌డ్రైవ్‌లోకి వెళ్తుంది. బ్రౌజర్ ప్రొఫైల్ కూడా హోమ్‌లోనే ఉంటుంది కాబట్టి ఫైర్‌ఫాక్స్‌లో డిస్క్ క్యాష్ ఆపేయండి, లేదంటే మళ్ళీ పాత కథే.

తెలుగు దగ్గర కూడా ఇదే నయం. ఫాంట్స్-తెలు ప్యాకేజీ ఒక్కటి వేస్తే లోహిత్, పోతన, వేమన అన్నీ వచ్చేస్తాయి, ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రాం పెట్టి ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు లేఅవుట్‌లో టైప్ చేసుకోవచ్చు. ఆటమ్ ఎన్270 లాంటి 32-బిట్ నెట్‌బుక్ ఉన్నవాళ్లకైతే ఎంపిక ఇంకా తక్కువ: లుబుంటు అనే తేలికపాటి లైనక్స్ 19.04 నుంచే 32-బిట్ ఆపేసింది, డెబియన్ కూడా 2025లో వచ్చిన 13తో 32-బిట్ ఇన్‌స్టాలర్ మానేసింది. యాంటిఎక్స్ 23 మాత్రం 32-బిట్‌లో దొరుకుతుంది.

యూట్యూబ్ గురించి అడుగుతారు. ఏ లైనక్స్ వేసినా కోర్ 2 డుయో మీద 480పీ దాటి ఆశపడొద్దు. వీడియోని హెచ్.264 అనే వీడియో ఫార్మాట్‌లోనే ఇమ్మని అడిగే ఎక్స్‌టెన్షన్ పెడితే కొంత తేలిక.

ఇంకో దారి, సాటా పోర్టు (హార్డ్ డిస్క్ తగిలించే చోటు) బాగుంటే చిన్న ఎస్ఎస్‌డీ వేసేయడం. డబ్బులుంటే అదే చేయండి, అప్పుడు మామూలు ఇన్‌స్టాల్ హాయిగా నడుస్తుంది. నాన్న ల్యాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్ పోయిన తర్వాత ఆ కనెక్టరూ వదులైంది, అందుకే మాకు ఆ దారి లేకపోయింది.

ఇప్పుడు ఆ ల్యాప్‌టాప్‌లో యాంటిఎక్సే ఉంది, 16 జీబీ పెన్‌డ్రైవ్, నెలకోసారి హోమ్ ఫోల్డర్ నా ఫోన్‌లోకి కాపీ చేస్తాను. పప్పీ పెన్‌డ్రైవ్ నా తాళాల గుత్తికి ఉంటుంది. ఎవరి విండోస్ అయినా తెరుచుకోకపోతే దాంతో బూట్ చేసి ముందు ఫొటోలు బయటికి తీసిస్తాను, పోయిన నెలలో పక్కింటివాళ్ల పెళ్లి ఫొటోలు అలాగే దక్కాయి.