కూలూమ్ 3.3 రివ్యూ: ఒక భూకంపం పక్క ఫాల్టును ఎంత ఎగదోసిందో లెక్కగట్టే సాఫ్ట్‌వేర్

అమెరికా జియలాజికల్ సర్వే (యూఎస్‌జీఎస్) ఉచితంగా ఇచ్చే సాఫ్ట్‌వేర్ ఇది. షింజీ తోడా, రాస్ స్టైన్, వోల్కన్ సెవిల్గెన్, జియాన్ లిన్ తయారుచేశారు. ఈ వెర్షన్ 2011లో వచ్చింది. ఉచితం అన్నమాట సగమే నిజం. ఇది నడవాలంటే మ్యాట్‌ల్యాబ్ కావాలి, దానికి డబ్బు కట్టాలి. యూనివర్సిటీ లైసెన్సు ఉంటే బెంగలేదు.

ఒక ఫాల్ట్ (భూమి లోపలి రాతి పగులు) జారగానే చుట్టుపక్కల రాతిలో స్ట్రెస్ (ఒత్తిడి) మారిపోతుంది. పక్క ఫాల్ట్ మీద చూడాల్సినవి రెండు: జారే దిశలో పడే తోపు, రెండు గోడలనూ కలిపి నొక్కే బిగింపు. తోపు పెరిగినా, బిగింపు సడలినా ఆ ఫాల్ట్ జారడానికి దగ్గరవుతుంది. సడలింపును ఘర్షణ గుణకంతో గుణించి, తోపులో మార్పుకు కలిపి బార్లలో (ఒత్తిడిని కొలిచే యూనిట్) చూపిస్తుంది ఈ సాఫ్ట్‌వేర్. పటంలో ఎరుపు పెరుగుదల, నీలం తగ్గుదల. 0.1 బార్ దాటితే పట్టించుకోవడం పరిశోధకుల ఆనవాయితీ.

పరీక్షించడానికి 2023 ఫిబ్రవరి 6 నాటి తుర్కియే భూకంపాల జంటను మించింది లేదు. తెల్లవారుజామున 4:17కు 7.8, తొమ్మిది గంటల తర్వాత ఉత్తరాన చార్దాక్ ఫాల్ట్ మీద 7.5. మొదటిదాని ఫాల్ట్ మోడల్‌ను చేత్తో కొట్టక్కర్లేదు. యూఎస్‌జీఎస్ భూకంపం పేజీలో ఫైనైట్ ఫాల్ట్ విభాగంలో కూలూమ్ ఇన్‌పుట్ ఫైలే సిద్ధంగా దొరుకుతుంది. తర్వాత స్ట్రెస్ ఎవరి మీద పడుతోందో చెప్పాలి, అంటే చార్దాక్ స్ట్రైక్ (ఫాల్ట్ సాగే దిశ), డిప్ (వాలు కోణం), రేక్ (జారే దిశ) ఇవ్వాలి. ఇక్కడ పెరుగుదలలో పెద్దవాటా బిగింపు సడలడానిదే. కాబట్టి ఘర్షణ గుణకాన్ని డిఫాల్ట్ 0.4 దగ్గరే వదిలేయకుండా 0.2, 0.6 పెట్టి కూడా చూడండి. అంకె ఎంత ఊగుతుందో తెలుస్తుంది.

సొంతంగా ఫాల్ట్ రాసుకునేవాళ్లకు ఇన్‌పుట్ ఫైల్‌లో ఒక్కో ఫాల్ట్‌కు ఒక్కో వరుస: మొదలు x, y, చివర x, y (కిలోమీటర్లలో), కోడ్ 100, కుడివైపు జారుడు (ఎదుటి పక్క కుడికి జరగడం), రివర్స్ జారుడు (పై పక్క పైకెక్కడం; రెండూ మీటర్లలో), డిప్, పై లోతు, కింది లోతు. తప్పులు జరిగేది ఎక్కువగా ఇక్కడే. ఎడమవైపు జారుడుకు మైనస్ పెట్టాలి. తుర్కియే ఈస్ట్ అనటోలియన్ ఫాల్ట్ ఎడమవైపుదే, మైనస్ మరిస్తే ఎరుపూ నీలమూ తారుమారవుతాయి. మొదలు నుంచి చివరకు చూస్తూ నిలబడితే ఫాల్ట్ కుడిచేతివైపుకు వాలాలి. నిట్టనిలువు ఫాల్టులో ఈ పొరపాటు పెద్దగా బయటపడదు గానీ, నేపాల్‌లో లాగా తక్కువ వాలున్న థ్రస్ట్‌లో (ఒక పక్క రాయి ఇంకోదాని మీదికి ఎక్కే ఫాల్ట్) చివర్లు అటూ ఇటూ రాశారంటే ఫాల్ట్ ఏకంగా ఎదురు దిక్కుకు వాలిపోతుంది.

సరిచూసుకోవడానికి సులువైన దారి ఉంది. 100 కి.మీ. పొడవు, 20 కి.మీ. వెడల్పు, 2 మీటర్ల జారుడు ఇస్తే డిఫాల్ట్ విలువలతో (రాతి గుణాలు: యంగ్స్ గుణకం 8 లక్షల బార్లు, పాయిసాన్ నిష్పత్తి 0.25) తీవ్రత 7.3 దగ్గర రావాలి. 8.6 దాటిందా, జారుడు సెంటీమీటర్లలో కొట్టారన్నమాట. ఫాల్ట్ చివర్ల దగ్గర నిప్పులా మెరిసే ఎరుపు మచ్చల్నీ నమ్మొద్దు. జారుడు అంతటా ఒకేలా ఉండి చివర్లో ఒక్కసారిగా ఆగిపోవడం వల్ల వచ్చేవే చాలామటుకు. టేపర్ ఆప్షన్‌తో జారుడును అంచులకు తగ్గిస్తూ పోతే సర్దుకుంటాయి.

ఎవరెంత అందమైన పటం పెట్టినా, ఏ దిశలో ఉన్న ఫాల్ట్ మీద, ఎంత లోతున, ఏ ఘర్షణ విలువతో లెక్కించారో కింద రాయకపోతే దాన్ని పక్కన పెట్టేయండి. అదే చోటు ఒక రిసీవర్‌కు (స్ట్రెస్ పడే ఫాల్ట్) ఎరుపు, ఇంకో రిసీవర్‌కు నీలం కావచ్చు.

ఈ పద్ధతి మీద గురి కుదరడానికి కారణం తుర్కియేలోని ఇజ్మిత్. ఉత్తర అనటోలియన్ ఫాల్ట్ మీద 1939 నుంచి వచ్చిన వరుసను లెక్కించి, ఇజ్మిత్ ప్రాంతంలో స్ట్రెస్ పెరిగిందని స్టైన్, బర్కా, డీటరిచ్ 1997లో రాశారు. 1999 ఆగస్టు 17న అక్కడ పెను భూకంపం, నవంబర్ 12న దానికి తూర్పున దుజ్జేలో 7.2. కానీ దుజ్జేకు దాదాపు మూడు నెలలు, చార్దాక్‌కు తొమ్మిది గంటలే ఎందుకో ఈ సాఫ్ట్‌వేర్ చెప్పదు. కాలం లెక్క ఇందులో లేదు, దానికి జారే వేగంతో, కాలంతో ఘర్షణ ఎలా మారుతుందో చెప్పే రేట్-స్టేట్ మోడల్ వేరే కావాలి. తరంగాలు దాటిపోతూ రేపే కంపనాలూ దీనికి అందవు. 1992లో కాలిఫోర్నియా లాండర్స్ భూకంపం వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలోని ఎల్లోస్టోన్‌లో చిన్న భూకంపాలను రేపింది. కూలూమ్ పటంలో అక్కడ కనిపించేది దాదాపు సున్నా.

ములుగులో 2024 డిసెంబర్ 4న 5.3 వచ్చినప్పుడు దాన్ని హిమాలయాలకు ముడిపెట్టాలని సరదా పడ్డవాళ్లు ఇందులో అంకెలు వేసి చూసుకోవచ్చు. ఈ స్ట్రెస్ దూరం రెట్టింపైతే ఎనిమిదో వంతుకు పడిపోతుంది. 2015 నేపాల్ భూకంపం పుట్టిన గోర్ఖా నుంచి ములుగుకు వెయ్యి కిలోమీటర్ల పైమాటే.