ఏడాదికోసారి అప్రైజల్, ఎప్పటికప్పుడు కోచింగ్: ఏది మేలు?

ఏడాది చివర ఫారం నింపించి, రేటింగ్ వేసి, దాన్నిబట్టి హైక్ నిర్ణయించే అప్రైజల్ పద్ధతిని సాఫ్ట్‌వేర్ కంపెనీ అడోబీ 2012లో పక్కన పెట్టి, మేనేజరూ ఉద్యోగీ ఏడాది పొడవునా మాట్లాడుకునే ‘చెక్-ఇన్’ను తెచ్చింది. మరుసటి ఏడాది మైక్రోసాఫ్ట్ ఉద్యోగులను ఒకరితో ఒకరిని పోల్చి ర్యాంకులిచ్చే విధానాన్ని మానేసింది. 2015లో ఐటీ సేవల సంస్థ యాక్సెంచర్ కూడా వార్షిక సమీక్షలకు స్వస్తి చెబుతున్నట్లు ప్రకటించింది. చివరి రెండింటికీ హైదరాబాద్‌లో పెద్ద కార్యాలయాలున్నాయి కనుక, ఇది మనవాళ్ల జీతాలకూ ప్రమోషన్లకూ నేరుగా సంబంధించిన విషయం.

అప్రైజల్‌లో అసలు చిక్కు ఒకే సమావేశానికి రెండు పనులు అప్పగించడం. ఒకటి జీతం తేల్చడం, రెండోది లోపాలు సరిదిద్దడం. హైక్ శాతం తేలబోయే గదిలో తన బలహీనతను మనస్ఫూర్తిగా చెప్పుకునే ఉద్యోగి ఉండడు. ఉండాలని ఆశించడం కూడా న్యాయం కాదు. జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీలో జరిపి 1965లో వెల్లడించిన ఒక అధ్యయనంలో, విమర్శ ఎక్కువైనకొద్దీ ఉద్యోగులు తమను తాము సమర్థించుకోవడం పెరిగిందనీ, విమర్శకు గురైన అంశాల్లోనే పని తక్కువగా మెరుగుపడిందనీ తేలింది. జీతం మాట వేరుగా, పని మాట వేరుగా సాగాలని ఆ పరిశోధకులు అప్పుడే సూచించారు. అదే కంపెనీ తర్వాతి దశాబ్దాల్లో అడుగున ఉన్న 10 శాతం మందిని సాగనంపే విధానానికి పేరుపడటం విచారకరం.

క్లయింట్‌కు ఒక సాఫ్ట్‌వేర్ డెలివరీ రెండు వారాలు ఆలస్యమైందనుకుందాం. పది నెలల తర్వాత అప్రైజల్ ఫారంలో అది ‘సమయపాలన మెరుగుపడాలి’ అన్న ఒక్క వాక్యంగా మిగులుతుంది. క్లయింట్ చివరి నిమిషంలో మార్పులు కోరడం వల్ల ఆలస్యమైందా, టెస్టింగ్‌కు సర్వర్ దొరకకనా, సాయం అడగడానికి ఉద్యోగి మొహమాటపడటం వల్లనా అన్నది అప్పటికి ఎవరికీ సరిగా గుర్తుండదు. అదే వారంలో మేనేజర్ పక్కన కూర్చుని, “పని ఎక్కడ ఆగింది? మళ్లీ ఇలా వస్తే ముందు ఎవరిని అడుగుతారు?” అని అడిగితే కారణం బయటపడుతుంది, తర్వాతి డెలివరీకే ఆ జవాబు పనికొస్తుంది. ఇలా ఎప్పటికప్పుడు మాట్లాడి సరిదిద్దడమే కోచింగ్. పని నేర్పే విషయంలో దానిదే పైచేయి అనడానికి నాకు సందేహం లేదు.

అయితే రేటింగ్ తీసేసినంత మాత్రాన తీర్పు ఆగదు. హైక్ బడ్జెట్ పంచాల్సిందే, ప్రమోషన్‌కు ఒకరిని ఎంచాల్సిందే. కాగితం మీద ఏమీ లేకపోతే ఆ నిర్ణయం మేనేజర్ మనసులోనే జరిగిపోతుంది, దాన్ని ప్రశ్నించడానికి ఉద్యోగికి ఆధారమేదీ ఉండదు. కనపడని మదింపు ఎంత నష్టం చేస్తుందో ప్రభుత్వోద్యోగులకు తెలుసు. సరిహద్దు రహదారుల ఇంజనీరు ఒకరికి, పనితీరుపై పై అధికారులు ఏటా రాసే రహస్య నివేదికలో 1993-94కు ‘గుడ్’ అని రాశారు. ప్రమోషన్‌కు ‘వెరీ గుడ్’ కావాలి, కానీ తనకు ‘గుడ్’ మాత్రమే వచ్చిన సంగతి ఆయనకు చెప్పలేదు. 2008లో దేవ్ దత్ కేసుగా ప్రసిద్ధమైన తీర్పులో సుప్రీంకోర్టు, మంచిదైనా చెడ్డదైనా ప్రతి వ్యాఖ్యనూ ఉద్యోగికి తెలియజేయాలని చెప్పింది. ఆ మరుసటి ఏడాది నుంచి కేంద్రం పూర్తి నివేదికను ఉద్యోగికి చూపి, అభ్యంతరం చెప్పుకునే గడువు ఇస్తోంది. ప్రైవేటు కంపెనీ అప్రైజల్‌ను మొత్తంగా ఎత్తేసి మాటలతోనే సరిపెడితే, ఇష్టులకు పెద్దపీట వేసే మేనేజర్ చేతికి పూర్తి స్వేచ్ఛ ఇచ్చినట్లే.

అందుచేత నేను కోచింగ్ వైపే మొగ్గుతాను, కానీ అప్రైజల్ స్థానంలో కాదు, దానికి దూరంగా. నెలకోసారి జరిగే సంభాషణలో జీతం ఊసు రాకూడదు, అందులో ఉద్యోగి ఒప్పుకున్న లోపాన్ని తర్వాత రేటింగ్‌కు ఆధారం చేయకూడదు. జీతం తేల్చేందుకు ఒకటి రెండు పేజీల మదింపు వేరొక నెలలో, కారణాలతో సహా రాసి, ప్రతిని ఉద్యోగి చేతికివ్వాలి. అభ్యంతరాన్ని ఆ మేనేజర్ కాకుండా పై అధికారి వినాలి. ఒక్కో మేనేజర్ కింద ముప్పై మంది ఉన్న చోట మాత్రం ఈ పద్ధతి నడవదు. అక్కడ ముందు టీములను చిన్నవి చేసి, ఆ తర్వాతే కోచింగ్ మొదలుపెట్టాలి.