తోటలో పెట్టిన తేమ సెన్సర్లు, ఏడాది వాడాక

అనంతపురం దగ్గర మాకు ఆరెకరాల బత్తాయి తోట ఉంది. బోర్లలో నీళ్లు తక్కువ కాబట్టి ఏ పాదులో ఎంత తేమ ఉందో తెలిస్తే డ్రిప్ ఎప్పుడు వదలాలో తేల్చుకోవచ్చని పోయినేడు వైర్‌లెస్ సెన్సర్ల సెట్ కొన్నాం. పాదుల్లో పెట్టే సెన్సర్ పెట్టెలు (నోడ్లు) పన్నెండు, వాటి రీడింగులు అందుకునే పెట్టె (గేట్‌వే) ఒకటి మోటారు షెడ్డులో. రీడింగులకు వంక పెట్టలేను, మట్టి పిసికి చూసి నాన్న చెప్పేదానికి దాదాపు సరిపోయాయి.

బ్యాటరీల దగ్గరే వచ్చింది చిక్కు. రెండేళ్లు వస్తాయన్నారు. చివరి వరుసలోవి ఇప్పటికీ పనిచేస్తున్నాయి, కానీ షెడ్డు పక్కనున్న రెండు నోడ్లు మాత్రం మూడు నెలలకే ఆగిపోయాయి, వాటితోపాటు తోట మొత్తం నుంచి రీడింగులు బంద్. దూరపు నోడ్లు నేరుగా గేట్‌వేకి పంపవు, పక్కదానికి అందిస్తే అది ఇంకోదానికి అందిస్తుంది, చివరికి అందరి బరువూ ఆ రెండింటి మీదే. పైగా రేడియోకి వినడం కూడా ఖర్చే. సెన్సర్ నోడ్లలో చాలాకాలం వాడిన సీసీ2420 అనే రేడియో చిప్ పంపేటప్పుడు 17.4 మిల్లీయాంపులు లాగితే వినేటప్పుడు 18.8 లాగుతుంది!

ఇదేమీ కొత్త సమస్య కాదు, అందుకే నాకు బాధ. 2000లోనే అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీలో వెండీ హైన్‌జెల్మన్, అనంత చంద్రకాసన్, హరి బాలకృష్ణన్ 'లీచ్' అనే పద్ధతి చెప్పారు: కొన్ని నోడ్లు పెద్దలుగా ఉండి చుట్టుపక్కల రీడింగులు పోగుచేసి పంపుతాయి, ఆ పెద్దరికం వంతులవారీగా మారుతుంది, కాబట్టి ఒకటే అరిగిపోదు. మా సెట్‌లో దారి ఒకసారి కుదిరిందంటే అంతే, మారదు.

డేటా అడిగే తీరు కూడా అంతే. అక్కడి బర్క్‌లీ యూనివర్సిటీలో సెన్సర్ నోడ్ల కోసం చేసిన టైనీడీబీ అనే సాఫ్ట్‌వేర్‌లో ఏం కావాలో ప్రశ్నలా అడగొచ్చు, సగటు కావాలంటే లెక్క దారిలోనే జరిగిపోయి ఒక్క చిన్న జవాబు వస్తుంది. మాకేమో ఐదు నిమిషాలకోసారి పన్నెండు అంకెలు, అవసరమున్నా లేకపోయినా. మట్టి తేమ ఐదు నిమిషాల్లో ఏం మారుతుందండీ?

సర్వీసుకు ఫోన్ చేస్తే మొదట బ్యాటరీలు మార్చుకోమన్నారు. నాలుగోసారి గట్టిగా అడిగాక వేరే ఫర్మ్‌వేర్ (నోడ్ లోపల నడిచే సాఫ్ట్‌వేర్) పంపారు, ఇప్పుడు అరగంటకోసారి కొలుస్తుంది, రెండు శాతం కంటే ఎక్కువ తేడా వస్తేనే పంపుతుంది. ఆ రెండు నోడ్లకి మేమే చిన్న సోలార్ ప్లేట్లు కట్టాం. ఎనిమిది నెలలైంది, ఆగలేదు.

నా రేటింగ్ ఐదుకి మూడు. కొనేవాళ్లు బ్యాటరీ ఎన్నాళ్లని కాదు, గేట్‌వేకి దగ్గరున్న నోడ్ ఎన్నాళ్లు వస్తుందని అడగండి.