పెట్టె మీద రామచిలుక, లోపల రెండడుగుల పంజరం

పెట్ షాపుల్లో, ఆన్‌లైన్‌లో బాగా అమ్ముడుపోయే మడత పంజరం ఇది. అట్టపెట్టె మీద పేర్లు మారుతుంటాయి కానీ లోపలి సరుకు ఒకటే: రంగు పూసిన నాలుగు తీగ పలకలు, పైకప్పు, అడుగున జల్లెడ లాంటి తీగ అర, దాని కింద లాగే ప్లాస్టిక్ ట్రే, పక్షి కూర్చునే రెండు ప్లాస్టిక్ కడ్డీలు, రెండు గిన్నెలు, ఒక ఉయ్యాల. వెడల్పు 16 అంగుళాలు, లోతు 16, ఎత్తు 24. దుకాణంలో దీన్ని 'రెండడుగుల పంజరం' అంటారు. ఆ రెండడుగులూ ఎత్తులోనే ఉన్నాయి. పెట్టె మీద బొమ్మ మాత్రం ఎర్ర ముక్కు, మెడ చుట్టూ గులాబీ పట్టీతో మన రామచిలుకది. చట్టప్రకారం ఇందులో పెట్టకూడని పక్షి సరిగ్గా అదే. ఆ సంగతి తర్వాత.

ముందు తీర్పు చెప్పేస్తే, 5కి రెండు. రోజుకు రెండు మూడు గంటలు గదిలో ఎగరనిచ్చే ఇంట్లో, కింద చెప్పిన మార్పులు చేసుకుంటే, బడ్జీల (పొడవు తోక చిన్న చిలుకల) జతకు నెట్టుకురావచ్చు. నెత్తిన కుచ్చుండే కాక్‌టెయిల్ చిలుకకు రాత్రి పడకకూ, డాక్టర్ దగ్గరికి మోసుకెళ్ళడానికీ పనికొస్తుంది. లవ్‌బర్డ్స్‌కు అసలు వద్దు. ఇక్కడ పేర్ల గందరగోళం ఒకటుంది. మన ఊళ్ళలో చాలామంది బడ్జీలనే లవ్‌బర్డ్స్ అంటారు. బడ్జీలు, కాక్‌టెయిల్స్ ఆస్ట్రేలియా పక్షులు. అసలు లవ్‌బర్డ్స్ ఆఫ్రికావి, పొట్టి తోక, బలమైన ముక్కు. వద్దన్నది వాటి గురించే.

ఎత్తు గురించి ఎందుకంత పట్టింపు అంటే, పక్షి అడ్డంగా ఎగురుతుంది, నిలువుగా కాదు. ఎత్తయిన పంజరంలో అది పై కడ్డీ మీదే కూర్చుంటుంది, కింది సగం ఉత్త ఖాళీ. బడ్జీల జతకు కనీసం 30 అంగుళాల వెడల్పు ఉంటే ఈ కడ్డీ నుంచి ఆ కడ్డీకి రెండు మూడు సార్లు రెక్క కొట్టే వీలుంటుంది. 16 అంగుళాల్లో ఒక్క గెంతుతో అవతలి గోడ తగులుతుంది. పోనీ పంజరాన్ని పడుకోబెట్టి వాడదామంటే ట్రే, తలుపు రెండూ పనికిరాకుండా పోతాయి. దాదాపు అదే డబ్బుకు బ్రీడింగ్ కేజ్ పేరుతో అడ్డంగా పొడవుండే పంజరాలు దొరుకుతాయి. చూడ్డానికి అంత బాగుండవు, పక్షికి మాత్రం అవే మేలు.

తర్వాత కొలవాల్సింది తీగకూ తీగకూ మధ్య సందు. టేపు జేబులో వేసుకుని వెళ్ళండి. బడ్జీకి 12 మిల్లీమీటర్లు దాటకూడదు, కాక్‌టెయిల్‌కు 15 నుంచి 18 వరకు పరవాలేదు. ఈ పంజరంలో పక్క పలకల సందు సరిగానే ఉంటుంది. తేడా అంతా మూలల్లో, రెండు పలకలు కొక్కేలతో కలిసేచోట. అక్కడ సందు ఒక్కోసారి 20 మిల్లీమీటర్ల దాకా విచ్చుకుంటుంది. బడ్జీ తల దూరుతుంది, వెనక్కి రాదు, బెదిరి గింజుకుని మెడ విరుచుకుంటుంది. నాలుగు మూలలా పైన, మధ్యన, కింద స్టీలు తీగతో బిగించి కట్టేస్తే ఆ బెడద పోతుంది. తీగ కొసలు బయటివైపుకు వంచాలి.

తలుపులు పైకి జరిపే రకం. చెయ్యి తీయగానే దభీమని పడతాయి. కాక్‌టెయిళ్ళు, లవ్‌బర్డ్స్ వాటిని ముక్కుతో ఎత్తి బయటపడటం రెండు రోజుల్లో నేర్చుకుంటాయి. సగం దూరాక తలుపు మెడ మీద పడితే అంతే. ఒక్కో తలుపుకూ తాళాలగుత్తికి వాడే స్టీలు కొక్కెం ఒకటి తగిలించాలి. గిన్నెల కిటికీలను మరిచిపోవద్దు. పక్షులు అక్కడినుంచి కూడా తప్పించుకుంటాయి.

అసలు పెద్ద లోపం పూత. చవక పంజరాల్లో జింకు పూసిన తీగ మీద పలచగా రంగు వేస్తారు. అతుకుల దగ్గర పొక్కులు, తెల్లటి పొడి, బొట్లు బొట్లుగా గడ్డకట్టిన లోహం కనిపిస్తే ఆ పంజరం తీసుకోకండి. చిలుక జాతి పక్షి తీగను ముక్కుతో పట్టుకునే ఎక్కుతుంది. పూత పెచ్చులు నోట్లోకి పోతాయి, జింకు ఒంట్లో చేరుతుంది. నీళ్ళు విపరీతంగా తాగడం, రెట్ట నీళ్ళలా పచ్చగా పడటం, వాంతి, కడ్డీ మీద నిలవలేక కింద కూర్చోవడం, చివరికి మూర్ఛ. దీనికి ఇంటి వైద్యం లేదు. ఒంట్లోంచి లోహాన్ని లాగేసే ఇంజెక్షన్లు పక్షుల డాక్టరే ఇవ్వాలి. కొత్త పంజరాన్ని వెనిగర్‌లో ముంచిన గట్టి బ్రష్షుతో రెండుసార్లు రుద్ది కడిగి, రెండు మూడు రోజులు ఎండలో ఉంచితే వదులుగా ఉన్న పొడి పోతుంది. అంతకుమించి వెనిగర్ చేయగలిగిందేమీ లేదు. లవ్‌బర్డ్ ముక్కుకు ఈ పూత నెల రోజులు కూడా నిలవదు. డబ్బు పెట్టగలిగితే స్టెయిన్‌లెస్ స్టీలే కొనండి.

కడ్డీలు తీసి పారేయండి. నున్నటి, ఒకే లావు ప్లాస్టిక్ మీద రోజంతా నిలబడితే బరువు పాదంలో ఒకే చోట పడి అరికాలు ఎర్రబడుతుంది, తర్వాత పుండు పడుతుంది. దీనికి మందు చెట్టు మీదే ఉంది. వేప, జామ కొమ్మలు పురుగుమందు కొట్టని చోటనుంచి తెచ్చి, కడిగి, ఎండబెట్టి, బెరడు తీయకుండా బిగించండి. బడ్జీకి 10 నుంచి 15 మిల్లీమీటర్ల లావు, కాక్‌టెయిల్‌కు 15 నుంచి 22. వేళ్ళు కొమ్మను ముప్పాతిక వంతు చుట్టాలి, గోళ్ళు ఒకదాన్నొకటి తాకకూడదు. లావు సన్నం కలిసిన వంకర కొమ్మే మంచిది. గిన్నెల మీదుగా కొమ్మ పెట్టకూడదు, రెట్ట సరిగ్గా నీళ్ళలో పడుతుంది. గన్నేరు కొమ్మ పొరపాటున కూడా తేవద్దు, ఆకు నుంచి బెరడు దాకా అంతా విషం.

సెట్టుతోపాటు కొన్ని దుకాణాలు మట్టి ముంత ఒకటి ఉచితంగా ఇస్తాయి. ముంత కనబడితే బడ్జీలు గుడ్లు పెడుతూనే ఉంటాయి. వరసగా నాలుగైదు ఈతలు పెట్టిన ఆడదాని ఒంట్లో సున్నం అయిపోయి గుడ్డు లోపలే అడ్డం పడుతుంది. పిల్లలు అక్కర్లేనప్పుడు ముంత వద్దు. సున్నానికి కటిల్‌బోన్ (కటిల్‌ఫిష్ అనే సముద్రజీవి లోపలి సున్నపు పెంకు) ఎప్పుడూ తగిలించి ఉంచాలి. మూలికల కొట్లో 'సముద్రపు నురుగు' అని అడిగితే అదే వస్తుంది, పెట్ షాపు ప్యాకెట్‌కంటే చవక. అది మందు కలపనిదై, శుభ్రంగా తెల్లగా ఉండాలి.

ఇక సెట్టుతో వచ్చే గింజల ప్యాకెట్. ముప్పాతిక వంతు పొద్దుతిరుగుడే. ఆ పప్పులో సగానికి సగం నూనె. చిలుకకు దాని మీద మోజెక్కువ కాబట్టి మిగతావి ఏరి పారేసి అదే తింటుంది. ఏడాది రెండేళ్ళలో కాలేయానికి కొవ్వు పడుతుంది. ఉత్త గింజల్లో విటమిన్ ఏ కూడా లేదు, అది తక్కువైతే నోట్లో తెల్ల మచ్చలు, కళ్ళ చుట్టూ వాపు. బడ్జీకి మన పచారీ కొట్టు సరుకే చాలు: పొట్టు తీయని కొర్రలు, సామలు, కొంచెం సజ్జలు. రోజుకు ఒక్కో పక్షికి ఒకటిన్నర నుంచి రెండు చెంచాలు. కాక్‌టెయిల్‌కు ఒకటిన్నర నుంచి రెండు పెద్ద చెంచాలు, పొద్దుతిరుగుడు గింజలు చేతినుంచి బహుమతిగా నాలుగైదు. పొద్దున్నే తోటకూర, మునగాకు, కొత్తిమీర, తురిమిన క్యారెట్, గుమ్మడి. పచ్చిమిర్చి కూడా పెట్టొచ్చు. మిర్చిలోని ఘాటు మనకు తగిలినట్టు పక్షులకు తగలదు, రామచిలుక మిరపచేలో విందు చేసుకునేది అందుకే. అవకాడో, చాక్లెట్, ఉల్లి, ఉప్పు వేసిన చిరుతిళ్ళు పెట్టకూడదు.

గుళికల మేత (పెల్లెట్స్) ఇంకా మేలు. వెర్సెల్-లాగా (Versele-Laga) అనే కంపెనీ అమ్మే న్యూట్రీబర్డ్ మేతలో బడ్జీకి బి14, కాక్‌టెయిల్‌కు జి14 రకం. కానీ రాత్రికి రాత్రి మార్చకూడదు. గుళికలు తిండేనని పక్షికి తెలియదు, పస్తుంటుంది. నాలుగు నుంచి ఆరు వారాలపాటు గింజల్లో కలిపి పాళ్ళు పెంచుతూ పోవాలి. అన్ని రోజులూ గ్రాము దాకా చూపే వంటింటి తూకం మీద ఉదయాన్నే బరువు చూడాలి. మామూలు బడ్జీ 30 నుంచి 40 గ్రాములు, కాక్‌టెయిల్ 80 నుంచి 100. మొదటి రోజు బరువులో పదో వంతు తగ్గిందంటే మార్పు ఆపి డాక్టర్‌కు చూపించాలి.

ఈ పంజరం గిన్నెలతో ఒక చిక్కు. బడ్జీ గింజ ఒలిచి ఊకను గిన్నెలోనే వదిలేస్తుంది. పైనుంచి చూస్తే గిన్నె నిండుగానే ఉంటుంది, లోపల ఉత్త ఊక. ఇంటివాళ్ళు తిండి ఉందనుకుని రెండు రోజులు ఊరెళతారు, వచ్చేసరికి పక్షి ఉండదు. రోజుకు రెండుసార్లు ఊక ఊదేసి అడుగున ఏముందో చూడాలి. నీళ్ళూ అంతే, ఎండాకాలం రెండు పూటలా మార్చాలి. ప్లాస్టిక్ గిన్నె గీతల్లో జిగురు పడుతుంది, బిగించుకునే స్టీలు గిన్నెలకు మారండి.

ట్రే మాత్రం బాగుంది, సులువుగా జారుతుంది. పాత వార్తాపత్రిక పరిచి రోజూ మార్చండి. ఎండిన రెట్టను పొడిగా ఊడవకుండా ముందు నీళ్ళు చిలకరించాలి. ఆ ధూళిలోంచే క్లమీడియా సిటాసీ అనే బాక్టీరియా సోకి, చిలుక జ్వరం అనదగ్గ జబ్బు మనుషులకు వస్తుంది. పక్షులున్న ఇంట్లో జ్వరం, పొడి దగ్గు వస్తే డాక్టర్‌కు పక్షుల మాట చెప్పాలి, చెబితే సరైన మందు త్వరగా పడుతుంది. కొత్త పక్షిని పాతవాటితో కలిపే ముందు 30 నుంచి 45 రోజులు వేరే గదిలో ఉంచాలి.

పంజరం ఎక్కడ పెడతారన్నది పంజరమంత ముఖ్యం. వంటింట్లో వద్దు. నాన్‌స్టిక్ పెనం ఖాళీగా మాడితే వచ్చే పొగకు రంగూ వాసనా దాదాపు ఉండవు, చిలుక నిమిషాల్లో చనిపోతుంది. అగరొత్తులు, సాంబ్రాణి, దోమల చుట్ట, దీపావళి రాత్రి వీధి పొగ, అన్నీ ఆ చిన్న ఊపిరితిత్తులకు ఎక్కువే. గదిలో వదిలే ముందు సీలింగ్ ఫ్యాను ఆపాలి, కిటికీ అద్దానికి తెర వేయాలి.

ఇప్పుడు పెట్టె మీది బొమ్మ. రామచిలుక ముక్కు నుంచి తోక చివరి దాకా సుమారు 40 సెంటీమీటర్లు, అంటే 16 అంగుళాలు. పంజరం వెడల్పు కూడా 16. తిరగబోతే తోక తీగలకు రాసుకుని ఈకలు చీలిపోతాయి. భుజం మీద ఎర్ర మచ్చ ఉండే పెద్ద చిలుక ఇంకా పొడవు, 55 సెంటీమీటర్లు దాటుతుంది. చట్టం లేదనుకున్నా కొలతే ఒప్పుకోదు.

చట్టం ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద మన అడవి చిలుకలను పట్టడం, అమ్మడం, పెంచడం నేరం. 2022 సవరణ 2023 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చాక రామచిలుక ఆ చట్టం రక్షించే జీవుల రెండో షెడ్యూలులో (జాబితాలో) ఉంది. ఆంధ్రప్రదేశ్ 2018లో దాన్ని రాష్ట్ర పక్షిగా కూడా ప్రకటించింది. "ఇది ఫారంలో పుట్టిన పిల్ల, కాలికి రింగు ఉంది చూడండి" అనే మాటకు పడిపోవద్దు. మన దేశపు చిలుక పంజరంలో పుట్టినా వ్యాపారం చెల్లదు. పైగా అతుకు లేని రింగు పిల్ల మొదటి రెండు వారాల్లోపే కాలికి ఎక్కుతుంది. అతుకున్న రింగును ఎప్పుడైనా నొక్కి పెట్టొచ్చు, దాంతో రుజువయ్యేదేమీ లేదు. విదేశీ జాతుల లెక్క వేరు. ఆఫ్రికన్ గ్రే అనే బూడిదరంగు చిలుక 2017 నుంచి సైటీస్ (అంతరించే ప్రమాదమున్న జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) మొదటి అనుబంధంలో ఉంది. అలాంటివి పెంచుకునేవాళ్ళు 2024 నిబంధనల ప్రకారం కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేష్ 2.0 పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. బడ్జీ, కాక్‌టెయిల్ సైటీస్ జాబితాల్లో లేవు.

రామచిలుక పిల్లలు బజారుకొచ్చేది చలికాలం చివరినుంచి వేసవి దాకా, గూళ్ళు పెట్టే రోజుల్లో. రామచిలుక తొర్రను మొదటినుంచీ తొలచడం తక్కువ. వడ్రంగిపిట్ట వదిలేసిన తొర్రనో, మోడు తాటి బోదెలో బొరియనో దొరికించుకుని పెద్దది చేసుకుంటుంది. పట్టేవాళ్ళు చెయ్యి దూరకపోతే తొర్రను గొడ్డలితో నరికి తెరుస్తారు. ఆ ఏడాది పిల్లలతోపాటు వచ్చే ఏళ్ళ గూడూ పోతుంది. ఈకలు రాని పిల్లలను బుట్టలో కుక్కి, నానబెట్టిన శనగలు మెత్తగా చేసి పెడుతూ తెస్తారు. వాటిలో చాలా దారిలోనే చస్తాయి. బతికిన వాటి రెక్కలు కత్తిరిస్తారు. చిలకజోస్యం పెట్టెలోంచి బయటికొచ్చి చీటీ తీసి మళ్ళీ బుద్ధిగా లోపలికెళ్ళే చిలుక మచ్చికైంది కాదు, ఎగరలేనిది.

ఇంట్లో ఇప్పటికే రామచిలుక ఉంటే మేడెక్కి వదిలేయకండి. కత్తిరించిన ఈక మళ్ళీ మొలవాలంటే పాత మొదలు రాలాలి, అందుకు నెలలు పడుతుంది. మనిషి చేతి తిండికి అలవాటుపడ్డది మొదటి రోజే కాకులకో పిల్లికో దొరుకుతుంది. దగ్గరి అటవీ రేంజ్ కార్యాలయానికి అప్పగించాలి. గూటిలోంచి జారి పడిన పిల్ల కనిపిస్తే, దెబ్బ తగలకపోతే, తిరిగి తొర్రలో పెట్టేయండి. మనిషి చెయ్యి తగిలిందని తల్లి వదిలేస్తుందన్న మాట నిజం కాదు. తొర్ర అందకపోతే అడుగున చిల్లులు పెట్టిన బుట్టలో ఎండు గడ్డి వేసి అదే చెట్టుకు ఎత్తులో కట్టి, దూరంగా నిలబడి రెండు గంటలు చూడండి. పెద్ద పక్షి వచ్చి మేత పెట్టిందంటే ఇంక ముట్టుకోనక్కర్లేదు.