షిర్డీ దారిలో పచ్చరాళ్ళ కోసం సగం రోజు

షిర్డీ వెళ్ళే మనవాళ్ళం బాబా దర్శనం, శనిశింగణాపూర్, వీలైతే త్ర్యంబకేశ్వరం చూసుకుని రైలెక్కేస్తాం. మేమూ రెండుసార్లు అలాగే వచ్చేశాం. ఈసారి నాసిక్ వెళ్తూ సిన్నర్ దగ్గర గార్గోటీ ఖనిజాల మ్యూజియంలో ఆగాం. మరాఠీలో గార్గోటీ అంటే గులకరాయి.

ముందు బస సంగతి. మన్మాడ్‌లో దిగి, మొదటి రాత్రి షిర్డీలో గుడి పక్కనే లాడ్జి తీసుకున్నాం. ఫోటోలో చూపిన గది వేరు, ఇచ్చింది వేరు. వేడినీళ్ళు ఆరు దాటాకే అన్నారు. తెల్లవారుజామున కాకడ హారతికి వెళ్ళాలని అమ్మ చన్నీళ్ళే పోసుకుంది, నాకు చాలా బాధనిపించింది. రెండో రాత్రి నాసిక్‌లో ఉన్నాం. అద్దె ఎక్కువే అయినా గది శుభ్రంగా ఉంది. అక్కణ్ణుంచి సిన్నర్ 30 కిలోమీటర్లే కాబట్టి, రాళ్ళు చూడాలనుకునేవాళ్ళకి నాసిక్ బసే మేలు. మధ్యలో ఆగాలని టాక్సీ మాట్లాడేటప్పుడే చెప్పండి. మేం చెప్పలేదు, అదనంగా ఇచ్చుకున్నాం.

ఇక మ్యూజియం లోపల నన్ను కదలనివ్వనిది ఆకుపచ్చ అపోఫిలైట్ అనే స్ఫటికం. నాసిక్ ద్రాక్ష ఇంకా పండకముందు ఉండే లేత పచ్చ రంగు, నాలుగు పలకలుగా తేలిన మొన, లోపలిదాకా వెలుగు. దాని కింద గులాబీ ఛాయలో స్టిల్‌బైట్ అనే ఇంకో ఖనిజం, నడిమికి బిగించి కట్టిన వరిపనలా. సుమారు 6.6 కోట్ల ఏళ్ళ కిందటి లావా చల్లారినప్పుడు అందులోని గాలిబుడగలు బోలుగా మిగిలాయి. వాటిలోకి ఊరిన వేడినీళ్ళ నుంచి ఈ స్ఫటికాలు మెల్లగా పెరిగాయి. పుణె దగ్గర దొరికే అపోఫిలైట్‌కి ఆ పచ్చదనం ఇచ్చేది కాస్తంత వనేడియం అనే లోహం.

"బుధుడికి ఉంగరం చేయించుకోవచ్చా?" అని అడిగింది అమ్మ. కుదరదు. రాళ్ళ గట్టితనాన్ని పదికి కొలిచే మోస్ లెక్కలో గరుడపచ్చది 7.5 నుంచి 8 అయితే, దీనిది 5 లోపే. పైగా పొరలుగా విడిపోతుంది. వేడి చేస్తే రేకులు రేకులుగా ఊడుతుందనే 1806లో దానికి అపోఫిలైట్ అనే గ్రీకు పేరు పెట్టారు.

పక్కన ప్రెహ్నైట్ అనే పచ్చ ఖనిజం కూడా చూడండి, పచ్చి బఠాణీలు గుత్తిగా అతుక్కున్నట్టుంటుంది.

తిరుగుదారిలో ఒక దుకాణంలో "అసలైన పచ్చ" అంటూ మూడు వేలు చెప్పారు. ఫోన్ కెమెరాతో దగ్గరగా చూస్తే లోపల గుండ్రటి బుడగలు. అది గాజు. పేరున్న ల్యాబ్ సర్టిఫికెట్ లేకుండా దారిలో పచ్చ కొనకండి.

మ్యూజియానికి కనీసం రెండు గంటలు పెట్టుకోండి, పిల్లలుంటే ఇంకాస్త. నేను ఉసిరికాయంత అపోఫిలైట్ ఒకటి కొన్నాను. అమ్మ దాన్ని దూదిలో చుట్టి, తన నేత చీర మడతల్లో పెట్టుకుని కాచిగూడ దాకా ఒళ్ళోనే ఉంచుకుంది. ఒక్క మొన కూడా విరగలేదు.