పెళ్ళికి ముందు స్కిన్ ట్రీట్‌మెంట్: చెయిన్ క్లినిక్కా, డాక్టరుగారి సొంత క్లినిక్కా, పెద్దాసుపత్రా?

ముహూర్తాలు దగ్గర పడేకొద్దీ నాకు వచ్చే ఫోన్లలో సగం మేకప్ గురించి కాదు. "అక్కా, బందరు రోడ్డులో క్లినిక్‌వాళ్ళు ఆఫర్ పెట్టారు, అక్కడికి వెళ్ళనా? సూర్యారావుపేటలో డాక్టరుగారి దగ్గరికి వెళ్ళనా?" ఇదే ప్రశ్న. విజయవాడ, గుంటూరు, తెనాలి పెళ్ళిళ్ళలో పన్నెండేళ్ళుగా పెళ్ళికూతుళ్ళను తయారు చేస్తున్నాను. వైద్యం నా పని కాదు. కానీ ట్రీట్‌మెంట్ అయ్యాక ఆ మొహాన్ని అంత దగ్గరగా, అంత లైటు కింద చూసేది నేనే. ఫోన్లో ఒక్కొక్కరికీ చెప్పే మాటలే ఇక్కడ రాస్తున్నాను.

పోయినేడాది ఒక తెల్లవారుజాము ముహూర్తం. రాత్రి పన్నెండున్నరకి పెళ్ళికూతుర్ని కూర్చోబెట్టి లైటు వేశాను. దవడల కింద రెండు వైపులా గోధుమరంగు చారలు. ఒక్కొక్కటీ బొటనవేలి గోరంత వెడల్పు, వరసగా, మధ్య మధ్యలో మామూలు చర్మం. లేజర్ మొన ఎక్కడెక్కడ ఆనిందో అక్కడల్లా అచ్చు పడింది. "పది రోజుల కింద చెయిన్ క్లినిక్‌లో అవాంఛిత రోమాలకి చేయించుకున్నానక్కా. మొదటి రోజు డాక్టరుగారు కనబడ్డారు, తర్వాత అంతా ఒక అమ్మాయే చేసింది" అంది. ఆ సాయంత్రమే బొబ్బలొస్తే ఫోన్ చేసిందట. ఎత్తింది ప్యాకేజీ అమ్మిన కౌన్సెలర్. ఐసు పెట్టుకోమని, కలబంద గుజ్జు రాసుకోమని, డాక్టరుగారు గురువారం వస్తారని చెప్పిందట. నేను ఆరెంజ్ కరెక్టర్ రెండు పొరలు అద్ది, పైన ఫౌండేషన్ వేశాను. ఫొటోల్లో కనబడలేదు. అమ్మాయి మాత్రం పీటల మీద కూర్చున్నంతసేపూ తల వంచుకునే ఉంది.

చెయిన్ క్లినిక్కుల్లో, అంటే ఒకే పేరుతో చాలా బ్రాంచీలున్నవాటిలో, మంచి లేదని అనను. చెప్పిన టైముకి పిలుస్తారు, ఆదివారం కూడా తెరిచే ఉంటాయి, మిషన్లు కొత్తవి, ఏ సిట్టింగుకి ఎంతో కాగితం మీద రాసిస్తారు. ఉద్యోగాలు చేసే పిల్లలకి అది చాలా పెద్ద సౌకర్యం. డాక్టరుగారి క్లినిక్‌లో అయితే గంటన్నర బెంచీ మీద కూర్చోవాలి. ఉన్న మిషను పాతది కావచ్చు, అసలు కొన్ని ట్రీట్‌మెంట్లకి మిషనే ఉండకపోవచ్చు. ధరలో మాత్రం మనం అనుకున్నంత తేడా ఉండదు. ప్యాకేజీని సిట్టింగులతో భాగిస్తే చాలాసార్లు రెండూ దగ్గర దగ్గరగానే తేలతాయి.

నా లెక్కలో తేల్చేది మిషను కాదు, ధర కాదు. ఆ మిషను పట్టుకునే చెయ్యి ఎవరిది, మూడో రోజు ఏదైనా తేడా వస్తే ఫోన్ ఎత్తేది ఎవరు అన్నదే. లేజర్ వెంట్రుక మొదట్లో ఉన్న నలుపును పట్టుకుని పని చేస్తుంది. మన చామనఛాయ చర్మంలోనూ ఆ నలుపే ఉంది కాబట్టి వేడి అక్కడా దిగుతుంది. అందుకే మన రంగుకు 1064 నానోమీటర్ల ఎన్‌డీ యాగ్ లేజర్ ఎక్కువ సురక్షితం అంటారు, ఐపీఎల్ అనే లైటు మిషనుతో కాలే ప్రమాదం ఎక్కువ అంటారు. అయితే ఎంత మంచి మిషనైనా ఎనర్జీ ఎంత పెట్టాలో, నిన్నటిదాకా ఎండలో తిరిగొచ్చిన మొహానికి ఈ రోజు చెయ్యొచ్చో లేదో నిర్ణయించాల్సింది మనిషే. "ఈ రోజు వద్దమ్మా, మూడు వారాలాగి రా" అనగలిగే మనిషి ఆ గదిలో ఉండాలి. నెలకి ఇన్ని సిట్టింగులని టార్గెట్ ఉన్న ఉద్యోగి ఆ మాట ఎలా అనగలదు? అది ఆ అమ్మాయి తప్పు కూడా కాదు.

మా చెల్లికి మంగు మచ్చలు వచ్చినప్పుడు ఒకే రోజు రెండు చోట్లా చూపించాం. చెయిన్ క్లినిక్‌లో పదిహేను నిమిషాల్లో ట్యాబ్‌తో ఫొటో తీసి, ఎనిమిది సిట్టింగుల లేజర్ అన్నారు. ఈ రోజే కడితే తగ్గింపు, ఈఎంఐ కూడా ఉందన్నారు. డాక్టర్ని చూడకుండానే బిల్లు దాకా వెళ్ళాం. సాయంత్రం సూర్యారావుపేటలో డాక్టరుగారు లైటున్న చిన్న లెన్స్ చెంపకి ఆనించి చాలాసేపు చూశారు. థైరాయిడ్ ఉందా, పిల్లలు పుట్టకుండా మాత్రలేమైనా వాడుతున్నావా అని అడిగి, "మొహానికి ఏం రాస్తున్నావమ్మా?" అన్నారు. చెల్లి బ్యాగులోంచి మందుల షాపులో కొన్న ట్యూబు తీసింది. ఆయన దాన్ని తిప్పి, వెనక సన్నటి అక్షరాల్లో ఉన్న మొమెటాసోన్ అన్న పేరు మీద వేలు పెట్టి చూపించారు. అది స్టెరాయిడ్. చీటీ లేకుండా నెలల తరబడి రాస్తే చర్మం పల్చబడుతుంది, ఎర్రటి సన్న నరాలు తేలతాయి, నూగు వస్తుంది. అలాంటి చెంపల మీద ఫౌండేషన్ నిలవదని నాకు తెలుసు, ఎందుకో ఆ రోజు తెలిసింది. లేజర్ మాట అడిగితే, మంగుకి లేజర్ తొందరపడి చేస్తే ఒక్కోసారి నలుపు ఇంకా పెరుగుతుందన్నారు. ట్యూబు ఆపించి, సన్‌స్క్రీన్, ఇంకో క్రీము రాశారు. మొదటి రెండు వారాలు మొహం ఎర్రబడి చెల్లి ఏడ్చింది. రెండుసార్లు ఫోన్ చేస్తే రెండుసార్లూ ఆయనే మాట్లాడారు. నాలుగు నెలలకి మచ్చలు సగానికి తగ్గాయి, పూర్తిగా పోలేదు. పూర్తిగా పోతాయని ఆయన మొదట్లోనూ అనలేదు.

అలాగని బోర్డు మీద "డాక్టర్" అని ఉంటే చాలదు. "కాస్మెటాలజిస్ట్" అన్న మాట చూసి ఆగిపోవద్దు, దాని పక్కన డిగ్రీ చదవండి. చర్మవైద్యులకి ఎండీ డీవీఎల్, డీడీవీఎల్, డీఎన్‌బీ లాంటివి ఉంటాయి. ప్లాస్టిక్ సర్జన్‌కి ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ గానీ ఉంటుంది. రిజిస్ట్రేషన్ నంబరు అడిగి, రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌లోనో జాతీయ మెడికల్ కమిషన్ ఆన్‌లైన్ రిజిస్టర్‌లోనో చూసుకోండి, రెండు నిమిషాల పని. నంబరు అడిగితే మంచి డాక్టరెవరూ చిన్నబుచ్చుకోరు. జుట్టు నాటడం, అందం కోసం చేసే సర్జరీలు ఎవరు చెయ్యాలో 2022లోనే ఆ కమిషన్ మార్గదర్శకాలు ఇచ్చింది. వర్క్‌షాపులకు వెళ్ళో, వీడియోలు చూసో నేర్చుకుంటే చాలదని అందులో చెప్పింది.

ఇక పెద్దాసుపత్రి. పీల్ (మందు రాసి చర్మం పైపొర ఊడేలా చెయ్యడం), లేజర్, మొటిమల మచ్చల లాంటివాటికి అక్కడికే వెళ్ళాలని నేననను. ఓపీ చీటీ, క్యూ, వెళ్ళిన ప్రతిసారీ కొత్త డాక్టరు. కానీ మత్తు ఇచ్చే పని ఏదైనా, అంటే కొవ్వు తీయించుకోవడం, ముక్కు సరిచేయించుకోవడం లాంటివి అయితే, నా ఓటు ఆసుపత్రికే. మత్తు డాక్టరు, ఆక్సిజన్, ఐసీయూ అదే బిల్డింగులో ఉండాలి. 2024లో జూబ్లీహిల్స్‌లోని ఒక డెంటల్ క్లినిక్‌లో స్మైల్ డిజైనింగ్‌కి, అంటే నవ్వు అందంగా కనబడేలా పళ్ళు సరిచేయించుకోవడానికి వెళ్ళిన ఒక యువకుడు కుర్చీలోనే స్పృహ తప్పి, ప్రాణం పోగొట్టుకున్నాడు. మత్తుమందు ఎక్కువైందని ఇంట్లోవాళ్ళు ఆరోపించారు. ఆ వార్త చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. నా దగ్గరికొచ్చే పిల్లలంతా అలా నవ్వుతూ వెళ్ళేవాళ్ళే. పెళ్ళికొడుకులు జుట్టు నాటించుకునేటప్పుడు కూడా ఇదే చూసుకోవాలి. తల మొద్దుబారడానికి ఇచ్చే ఇంజెక్షన్లు తక్కువేం కాదు, పని గంటల తరబడి సాగుతుంది. అన్ని గంటలూ డాక్టరు గదిలో ఉంటారా, గీత గీసి టెక్నీషియన్లకి వదిలేస్తారా అని ముందే అడగండి.

పెదాలకి, కళ్ళ కింద గుంటలకి నిండుదనం కోసం ఫిల్లర్ సూది వేయించుకునేవాళ్ళు "హయాల్యూరోనిడేజ్ మీ దగ్గర ఉందా?" అని ఒక్క మాట అడగండి. హయాల్యూరోనిక్ ఆమ్లంతో చేసిన ఫిల్లర్ రక్తనాళంలోకి పోయి అడ్డుపడితే వెంటనే కరిగించే మందు అది. ఆలస్యమైతే చర్మం చచ్చిపోవచ్చు, చూపు కూడా పోవచ్చు. ఆ మందు పేరే వినని చోట సూది వేయించుకోవద్దు. తెలుపు రావడానికి గ్లూటాథయోన్ సెలైన్ పెడతామంటే లేచి వచ్చెయ్యండి. చర్మం తెల్లబడటానికి ఇచ్చే ఏ ఇంజెక్షన్‌కీ అమెరికా ఎఫ్‌డీఏ అనుమతి లేదు.

పార్లర్లో లేజర్, కెమికల్ పీల్ గురించి చెప్పడానికి పెద్దగా ఏం లేదు, వద్దు. ఫేషియల్, త్రెడింగ్ వరకు పార్లరే బాగుంటుంది. ప్రభుత్వాసుపత్రి చర్మవిభాగంలో డాక్టర్లు మంచివాళ్ళే. మొటిమలకి, మంగుకి డబ్బు ఇబ్బంది ఉన్నవాళ్ళు నిశ్చింతగా వెళ్ళొచ్చు, లేజర్ మాత్రం అన్ని చోట్లా దొరకదు.

చెయిన్ క్లినిక్‌కే వెళ్ళాలనుకుంటే నేను వద్దనను. ఆ బ్రాంచిలో ఏ చర్మవైద్యులు ఏ రోజుల్లో ఉంటారో కనుక్కుని, ఆ రోజే అపాయింట్‌మెంట్ తీసుకోండి. ముందు చెవి దగ్గర చిన్న చోట టెస్ట్ చేయించి కొన్నాళ్ళు ఆగండి. మొత్తం ప్యాకేజీ ఒకేసారి కట్టకండి. కొత్త ట్రీట్‌మెంట్ ఏదైనా సరే, ముహూర్తానికి నెలన్నర ముందే ఆపెయ్యండి.

వచ్చే నెల తెనాలిలో ఒక పెళ్ళి ఉంది. ఆ అమ్మాయి పీల్ చేయించుకుంటానని సూర్యారావుపేట వెళ్ళింది. "ఇరవై రెండు రోజులే ఉన్నాయి, ఇప్పుడేం వద్దు" అని డాక్టరుగారు సన్‌స్క్రీన్ రాసి పంపించారట. నాకు ఫోన్ చేసి, "ఏం చెయ్యలేదక్కా, ఫీజు తీసుకుని పంపించేశారు" అని బాధపడింది. ఆదివారం ట్రయల్‌కి రమ్మన్నాను.