బటన్ల బల్లా, డయలా: దంపతుల మాటల తీరు పట్టుకోవడానికి ఏది మేలు?

"కూరలో ఉప్పు చూశావా?" అని ఆయన మామూలుగానే అడిగి ఉంటాడు. ఆమెకు మాత్రం వంట బాగాలేదన్నట్టు వినిపిస్తుంది. అన్నదానికీ విన్నదానికీ మధ్య జరిగే ఈ గల్లంతును పరికరాలతో పట్టుకోవాలని చూసినవారిలో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ గాట్మన్ ఒకరు.

1970లలో ఇండియానా విశ్వవిద్యాలయంలో ఆయన బృందం ఒక బల్ల తయారుచేసింది. భార్యాభర్తలు దానికి చెరోవైపు కూర్చుంటారు. ఒకరు మాట్లాడాక, ఆ మాట ఏ ఉద్దేశంతో అన్నారో తెలిపే బటన్ నొక్కాలి. విన్నవారు అది తమకు ఎలా తగిలిందో తెలిపే బటన్ నొక్కాలి. బాగా కటువు నుంచి బాగా ఇంపు వరకు అయిదు బటన్లు. 1976లో ప్రచురించిన ఫలితం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది: కలతలున్న జంటల ఉద్దేశాలు సఖ్యంగా ఉన్న జంటల ఉద్దేశాలకంటే చెడ్డవి కావు. చెడేదల్లా అవతలివారికి చేరే తీరే.

బల్లతో చిక్కు ఒకటుంది. పోట్లాట మధ్యలో ఆగి మార్కులు వేసుకునే దంపతులు ఏ ఇంట్లో ఉంటారు?

1980లలో మరో మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ లెవెన్సన్‌తో కలిసి గాట్మన్ వాడిన డయల్‌కు ఆ చిక్కు లేదు. జంట పావుగంట తమ తగవు గురించి అడ్డూఆపూ లేకుండా మాట్లాడుతుంది, వీడియో తీస్తారు. తర్వాత ఎవరికి వారు విడిగా వచ్చి అది చూస్తూ, అప్పుడు తమకెలా అనిపించిందో డయల్ తిప్పి చూపిస్తారు. గుండె వేగం, చెమట కూడా కొలుస్తారు. వీడియో చూసేటప్పుడు శరీరం దాదాపు ఆనాటి తగవులోలాగే స్పందించిందని 1985లో చూపారు. కాబట్టి గుర్తుతెచ్చుకుని చెప్పినదే కదా అని తోసిపుచ్చలేం.

మనస్తత్వ శాస్త్రవేత్త మథియాస్ మెల్ తదితరులు వాడిన, రోజంతా వెంట ఉండి మధ్యమధ్య కొన్ని సెకన్లు శబ్దం పట్టే రికార్డర్ కూడా ఉంది. అసలైన వంటింటి గొంతు దొరికేది అందులోనే. కానీ ఆ గొంతు అవతలివారికి ఎలా వినిపించిందో అది చెప్పదు.

మనసు ఎటు ఊగిందో తెలియాలంటే డయలే మేలు. మాట ఎక్కడ దారి తప్పిందో తెలియాలంటే నా ఓటు పాత బల్లకే, ఎందుకంటే డయల్ "నీ ఉద్దేశం ఏమిటి?" అని అడగదు. పైగా దుబాయిలో భర్త, కోనసీమలో భార్య వాట్సాప్‌లో పంపుకునే వాయిస్ మెసేజ్‌లలో సంభాషణ ఎలాగూ ఆగి ఆగి సాగుతుంది. పంపినవారికొక బటన్, విన్నవారికొక బటన్ అక్కడ పెడితే ఎవరికీ అడ్డం రాదు.